పన్నెండు డెస్క్‌టాప్‌లు, ఒక గిట్: హన్మకొండ ల్యాబ్ కేస్ స్టడీ

2024 జూన్‌ల నయీంనగర్ దిక్కు ఉన్న ఒక చిన్న ట్రైనింగ్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. సెంటర్ పేరు రాయను, దాంతోని పని లేదు. నేను హన్మకొండ, కాజీపేట ఏరియాల షాపులకు, ఇట్లాంటి సెంటర్లకు సిస్టమ్స్ మెయింటెనెన్స్ చేస్తుంట, ఎక్కువ పని ప్రింటర్లు, చచ్చిన ఎస్ఎంపీఎస్‌లు (సిస్టమ్‌కు కరెంట్ ఇచ్చే డబ్బాలు), నెట్ రాకపోవుడు, ఎప్పుడన్న ఒకసారి ఇట్ల లినక్స్ పని తగుల్తది. ఫోన్ చేసింది ల్యాబ్ చూసుకునే పిల్లగాడు. "అన్నా, సార్ క్లాస్‌ల గిట్ స్విచ్ అని కొట్టమన్నడు, ఒక్కలకు గూడ వస్తలేదు, అందరు నా మీద పడ్డరు, జర రా అన్నా" అన్నడు.

గిట్ అంటే ప్రోగ్రామ్ రాసేటోళ్లు తమ ఫైళ్లల్ల చేసిన మార్పులన్నీ దాచిపెట్టుకునే సాఫ్ట్‌వేర్. పోయి చూస్తే స్క్రీన్ మీద ఒకటే లైన్: గిట్: 'స్విచ్' ఈజ్ నాట్ ఎ గిట్ కమాండ్. ఈ లైన్ గుర్తువెట్టుకోండి, ఇదే లైన్ ఇంకో వేషంల మళ్ల వస్తది.

ల్యాబ్‌ల 12 డెస్క్‌టాప్‌లు, అన్నీ కోర్ టూ డ్యూయో కాలం నాటివి, 2 జీబీ ర్యామ్, ఓఎస్ ఏమో ఉబుంటు 18.04 అనే లినక్స్. గిట్ వెర్షన్ అడిగితే 2.17.1 అన్నది. ఇగ చెప్పేదేముంది, స్విచ్, రీస్టోర్ రెండూ వచ్చిందే గిట్ 2.23ల, 2019 ఆగస్టుల. సార్ నోట్స్‌ల మొదటి పేజీలనే గిట్ ఇనిట్‌కు (కొత్త ప్రాజెక్ట్ మొదలువెట్టే కమాండ్) మైనస్ బి మెయిన్ అని ఉన్నది, అది 2.28ది, 2020ల వచ్చింది. "సార్, అప్పటిదాక చెకౌట్‌తోనే చెప్పుకోండి" అన్న, ఆయన ఒప్పుకోలే. ఆయన చెప్పింది కూడ నిజమే, చెకౌట్ అనే ఒక్క కమాండే బ్రాంచి (ఒకే ప్రాజెక్ట్‌ల విడిగ నడిపే పని దారి) మారుస్తది, అదే కమాండ్ ఫైల్‌ల రాసుకున్న మార్పును తుడిచేస్తది, పోయిన బ్యాచ్‌ల ఒక అమ్మాయి ప్రాజెక్ట్ సగం అట్లనే పోయిందంట. అందుకే ఆ పనిని రెండు ముక్కలు చేసి స్విచ్ ఒకటి, రీస్టోర్ ఒకటి పెట్టిన్రు.

ఓఎస్ మార్చుడు కుదరలే. 18.04కు ఫ్రీ సపోర్ట్ 2023 మేలనే అయిపోయిందని చెప్పిన, కానీ వాళ్ల ఎగ్జామ్ సాఫ్ట్‌వేర్ ఆ వెర్షన్ మీదనే నడుస్తదంట, ఇచ్చినోళ్లు ఫోన్ ఎత్తుతలేరంట. పీపీఏ, అంటే బయటోళ్లు ఉబుంటుకు ప్యాకేజీలు ఇచ్చే చోటు, వేసుకుంటే రెండు నిమిషాల పని కదా అని మీరు అనొచ్చు, నేను కూడ మొదట అదే అనుకున్న. కానీ సపోర్ట్ అయిపోయిన రిలీజ్‌కు బయటి రెపో తగిలిస్తే రేపు ఏ ప్యాకేజీ దేన్ని గుంజుకొస్తదో, 12 మెషిన్లల్ల ఏది ఏ వెర్షన్ కాడ ఆగుతదో నా చేతుల ఉండదు. ఒక మెషిన్‌ల సోర్స్ నుంచి కంపైల్ చేసి (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గ మార్చి), అదే ఫోల్డర్ మిగతా 11కు ఇస్తే అందరికి ఒకటే వెర్షన్. పాత గిట్‌ను మాత్రం ముట్టుకోవద్దు, /యూఎస్‌ఆర్/బిన్‌ల అది ఉన్నకాడ ఉండాలె అని ముందే అనుకున్న. ఇది తెలివితోని అనుకున్నది కాదు, ఏదన్న కరాబైతే ఎనక్కి పోవచ్చని భయంతోని అనుకున్నది.

మొదటి రోజు

కెర్నల్ డాట్ ఆర్గ్ సైట్‌ల గిట్ కోసం ఒక ఫోల్డర్ ఉంటది, అక్కడ అన్ని వెర్షన్ల టార్ ఫైళ్లు (ఎన్నో ఫైళ్లను ఒక మూటగ కట్టినవి) ఉంటయ్. అప్పటికి కొత్తది 2.45.2. ఆ టార్‌ను కుదించిన ఎక్స్‌జెడ్ ఫైల్ 7 ఎంబీ చుట్టూ ఉంటది, మన ఫోన్ల ఒక రీల్ అంత. పక్కనే అదే పేరుతోని డాట్ టార్ డాట్ సైన్ అని ఇంకో ఫైల్ ఉంటది, అది సంతకం. గిట్‌ను 2005 ఏప్రిల్‌ల మొదలువెట్టింది లైనస్ టోర్వాల్డ్స్ అయినా అదే ఏడు జులై నుంచి చూసుకుంటున్నది జునియో హమానో, రిలీజ్ మీద ఉండే సంతకం ఆయనదే. నేను సంతకం అసలుదో కాదో చూసే జీపీజీతోని చెక్ చేస్తే బ్యాడ్ సిగ్నేచర్ అని వచ్చింది, గుండె ఆగినంత పనైంది, ఎవడన్న నడుమ ఫైల్ మార్చిండా ఏంది అని. తర్వాత పేరు మంచిగ చదివితే అర్థమైంది, సంతకం ఎక్స్‌జెడ్ ఫైల్‌కు కాదు, లోపల ఉన్న టార్‌కు. ముందు ఎక్స్‌జెడ్ విప్పి, ఆ టార్ మీద చెక్ చేస్తే గుడ్ సిగ్నేచర్.

కంపైల్‌కు ఒక మెషిన్ తీసుకున్న, తలుపు కాడిది, జర గాలి తగుల్తదని. సీ కంపైలర్, కంపైల్ పనిని వరుసగ నడిపే మేక్, ఈ రెండు బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీతోని వచ్చినయ్. ఇగ ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలె. గిట్‌ను రెండు తీర్ల కంపైల్ చెయ్యొచ్చు. ఒకటి, నేరుగ మేక్ కొట్టుడు, దాంట్ల ఉన్న మేక్‌ఫైల్‌కే లినక్స్ గురించి అన్నీ తెలుసు. రెండోది, ముందు కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిపి, అది మెషిన్‌ల ఏమేం ఉన్నయో తడిమి చూసుకున్నంక మేక్ కొట్టుడు. చేతికి అలవాటు కదా, ఏ సోర్స్ అయినా కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అని మూడు కొట్టుడే నేర్చుకున్నం, నేను రెండోదే పట్టుకున్న.

కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ (ఏ ఫోల్డర్‌ల ఇన్‌స్టాల్ కావాలె అన్న దారి) మాత్రం మర్చిపోకుండ ఇచ్చిన: /ఆప్ట్/గిట్-2.45.2. దీనికో కారణం ఉన్నది. నేరుగ మేక్ కొట్టేటప్పుడు గిట్‌కు ప్రిఫిక్స్ చెప్పకపోతే అది మన హోమ్ ఫోల్డర్‌ల బిన్ అని పెట్టుకోని అండ్ల కూసుంటది. ఇంతకుముందు కాజీపేటల ఒకల దగ్గర ఇట్లనే ప్రిఫిక్స్ లేకుండ మేక్ కొట్టి, సుడోతోని, అంటే రూట్ (అడ్మిన్) అధికారంతోని, ఇన్‌స్టాల్ చేసిన. 18.04ల సుడో కొట్టినా హోమ్ మాత్రం మనదే ఉంటది, ఉబుంటు 19.10 నుంచే అది మారింది, అందుకని ఆయన హోమ్‌ల రూట్ పేరు మీద ఫైళ్లు పడ్డయ్, ఆయన వాటిని తీసెయ్యలేడు, మార్చలేడు, మూడు రోజులు నాకు ఫోన్లు. ఇంకో సంగతి, ప్రిఫిక్స్ ఇన్‌స్టాల్ టైంల ఇస్తే సరిపోదు, కంపైల్ అయ్యేటప్పుడే ఆ దారి బైనరీ (తయారైన ప్రోగ్రామ్ ఫైల్) లోపల పడ్తది, ఇన్‌స్టాల్ అనే ఫైల్‌లనే రాసి ఉంటది ఇది, ఎవ్వలు చదవరు. ఆఖరుది, గిట్ మేక్‌ఫైల్‌ల అన్‌ఇన్‌స్టాల్ లేదు. /యూఎస్‌ఆర్/లోకల్‌ల కలిపేస్తే తర్వాత ఏ ఫైల్ దేనిదో ఏరుకుంట కూసోవాలె, సొంత ఫోల్డర్ ఉంటే ఆ ఫోల్డర్ తీసేస్తే అయిపోతది.

కాన్ఫిగర్ చెకింగ్, చెకింగ్ అనుకుంట ఒక రెండు స్క్రీన్ల లైన్లు కొట్టి ఆగింది. నేను ఆఖరు లైన్ చూసిన, ఎర్రర్ లేదు, ఇగ మేక్ మైనస్ జె2 (రెండు పనులు ఒక్కసారే నడిపించు అని) కొట్టిన.

వెంటనే ఆగింది. జెడ్‌లిబ్ డాట్ హెచ్, నో సచ్ ఫైల్. జెడ్‌లిబ్ లేకుండ గిట్ లేదు, కమిట్ అయినా ఫైల్ అయినా అండ్ల దాచేదంత జెడ్‌లిబ్‌తోని కుదించే దాస్తది. జెడ్‌లిబ్1జి-డెవ్ (కంపైల్‌కు కావలసిన హెడర్ ఫైళ్లు ఉండే ప్యాకేజీ) వేసిన, మళ్ల మేక్. ఈసారి చాలా దూరం పోయి ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ నాట్ ఫౌండ్ అని ఆగింది, అది గెట్‌టెక్స్ట్ ప్యాకేజీల ఉంటది, మెసేజీలను వేరే భాషలల్లకు మార్చే సామాను. ఆగింది బల్గేరియన్ ఫైల్ కాడ. ఊకె ఆ పీవో ఫోల్డర్ తెరిచి చూసిన, బల్గేరియన్ ఉన్నది, కటలాన్ ఉన్నది, వియత్నామీస్ ఉన్నది, మన తెలుగు లేదు. ఇన్ని కోట్ల మందిమి ఉన్నం, 12 మందిమి కూసుంటే ఆరునెలల్ల అయితది ఆ పని, ఎవ్వలు కూసోరు, నేను కూడ కూసోలే.

గెట్‌టెక్స్ట్ వేసి మళ్ల మొదలువెట్టిన. ఆ మెషిన్‌ల మొత్తం కంపైల్‌కు ఏడెనిమిది నిమిషాలు వడ్తది. అయిదో నిమిషంల గాలిదుమారం లేచింది, కరెంట్ పోయింది. యూపీఎస్ ఉన్నది కానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, బీప్ కూడ కొట్టలే.

కరెంట్ వచ్చినంక మేక్ కొడితే రెండు లొల్లులు ఒక్కసారే. ఒకటి, క్లాక్ స్క్యూ డిటెక్టెడ్, యువర్ బిల్డ్ మే బి ఇన్‌కంప్లీట్ అని వార్నింగ్. బోర్డు మీద సెల్ అయిపోయి గడియారం ఎనక్కి పోయింది, రౌటర్ ఇంకా లేవలేదు కాబట్టి నెట్ నుంచి టైం తీసుకోలే, ఇంతకుముందు తయారైన ఫైళ్లన్నీ భవిష్యత్తుల పుట్టినట్టు కనవడ్తున్నయ్. మేక్‌కు తెలిసిన లెక్క ఒకటే, ఏ ఫైల్ కొత్తది, ఏది పాతది, ఆ టైమే అబద్ధమైతే అది మాత్రం ఏం చేస్తది. రెండోది, బిల్ట్‌ఇన్ ఫోల్డర్‌ల ఒక డాట్ ఓ ఫైల్ (కంపైలైన ముక్క) కాడ, ముక్కలన్నీ అతికే లింకర్ ఆగి ఫైల్ నాట్ రికగ్నైజ్డ్, ఫైల్ ట్రంకేటెడ్ అన్నది. చూస్తే సైజు సున్న. కరెంట్ పోయినప్పుడు పేరు డిస్క్ మీద పడ్డది, లోపలి సరుకు పడలే, మేక్‌కేమో ఫైల్ ఉన్నది కదా అయిపోయింది అనిపించింది. సున్న సైజు డాట్ ఓ ఫైళ్లను ఫైండ్‌తోని ఏరితే మూడు దొరికినయ్, ఆ మూడే తీసేసి నడిపించొచ్చు, కానీ సగం రాసినవి ఇంకేమన్న ఉన్నయో ఎవ్వలకెరుక, మేక్ క్లీన్ కొట్టిన. పిల్లగాన్ని చౌరస్తాకు పంపి సీఆర్2032 సెల్ తెప్పించి వేసిన, టైం పెట్టిన, మళ్ల ఏడెనిమిది నిమిషాలు.

ఈసారి మొత్తం అయింది. పోయేముందు మేక్ టెస్ట్ కొట్టి రాత్రికి వదిలేసి పోయిన. గిట్ టెస్టులు వేలల్ల ఉంటయ్, ఆ మెషిన్ మీద కూసోని చూసే పని కాదు.

రెండో రోజు

పొద్దుగాల వచ్చి చూస్తే టెస్ట్‌ల లెక్కల ఫెయిల్డ్ 0. మంచిగనిపించింది. సుడో మేక్ ఇన్‌స్టాల్, తర్వాత /ఆప్ట్ ల ఉన్న గిట్‌కు /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ నుంచి సిమ్‌లింక్ (అసలు ఫైల్‌ను చూపించే షార్ట్‌కట్). ఉబుంటుల పాత్‌ల (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల వరస) /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ ముందు వస్తది, /యూఎస్‌ఆర్/బిన్ తర్వాత, కాబట్టి కొత్తదే పలకాలె.

పిల్లగాడు అదే టెర్మినల్‌ల వెర్షన్ కొట్టిండు. 2.17.1. "విచ్ గిట్ కొట్టు తమ్మీ" అన్న, /యూఎస్‌ఆర్/లోకల్/బిన్/గిట్ అని చూపిచ్చింది. దారి కొత్తదాన్ని చూపిస్తాంది, పలికేది పాతది. వాడు నా మొకం చూస్తున్నడు. ఇది బ్యాష్ (టెర్మినల్‌ల మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) చేసే పని, ఒకసారి నడిపిన కమాండ్ ఏడున్నదో అది గుర్తువెట్టుకుంటది, మళ్ల మళ్ల వెతకదు. విచ్ అనేది వేరే ప్రోగ్రామ్, దానికి బ్యాష్ మనసుల మాట తెల్వదు. టైప్ గిట్ అని కొడితే నిజం చెప్తది, గిట్ ఈజ్ హ్యాష్డ్ అని పాత దారి చూపిస్తది. హ్యాష్ మైనస్ ఆర్ కొట్టిన, లేకపోతే కొత్త టెర్మినల్ తెరిచినా సరే. 2.45.2 వచ్చింది. స్విచ్ నడిచింది, రీస్టోర్ నడిచింది, ఇనిట్ మైనస్ బి నడిచింది, సార్ వచ్చి చూసి చాయ్ చెప్పిండు.

చాయ్ తాగి వచ్చేవరకు పిల్లగాడు క్లోన్ (నెట్ నుంచి ఒక ప్రాజెక్ట్ కాపీ తెచ్చుకునుడు) చేసి చూస్తున్నడు. హెచ్‌టీటీపీఎస్ లింక్ ఇచ్చిండు. వచ్చిన లైన్: గిట్: 'రిమోట్-హెచ్‌టీటీపీఎస్' ఈజ్ నాట్ ఎ గిట్ కమాండ్.

నేను ఆ లైన్‌ను సరిగ చదవలేదు, అది ఒప్పుకుంట. హెచ్‌టీటీపీఎస్ అనే మాట చూడంగనే నెట్ మీద అనుమానం వోయింది. సెంటర్ల నెట్ ఇచ్చేటోళ్లు కొన్ని సైట్లు ఆపుతరని ఇంతకుముందు ఒక లొల్లి అయింది, అందుకే రౌటర్ రీస్టార్ట్ చేసిన, డీఎన్ఎస్ మార్చిన, ప్రాక్సీ ఏమన్న పెట్టి ఉన్నదా అని ఎన్విరాన్‌మెంట్ అంత చూసిన, నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టిన, నెట్ ఇచ్చేటోళ్లకు ఫోన్ చేసి గరమైన కూడ, పాపం ఆ పిలగాడు సార్ చూస్తం సార్ అన్నడు. రెండు గంటలు పోయినయ్. అప్పుడు ఈ ల్యాబ్ పిల్లగాడు మెల్లగ అన్నడు, "అన్నా, పాత గిట్ ఇంకా ఉన్నది కదా, దాంతోని చేస్తే వస్తదా?"

/యూఎస్‌ఆర్/బిన్/గిట్ అని పూర్తి దారి కొట్టి క్లోన్ చేసిండు. జర్రున వచ్చింది.

అదే మెషిన్, అదే వైర్, అదే లింక్, పాతది తెస్తాంది, కొత్తది తెస్తలేదు. తప్పు నెట్‌ది కాదు, నాది. అప్పుడు మళ్ల లైన్ చదివిన. నెట్ అందుతలేదు అని అననే లేదది, ఆ పేరుతోని కమాండే లేదు అంటాంది, నిన్న స్విచ్‌కు ఏం చెప్పిందో అదే.

లోపల జరిగేది ఇట్ల. గిట్‌కు సొంతంగ హెచ్‌టీటీపీఎస్ మాట్లాడుడు రాదు. లింక్ చూడంగనే గిట్-రిమోట్-హెచ్‌టీటీపీఎస్ అనే వేరే ప్రోగ్రామ్‌ను పిలుస్తది, అది కర్ల్ లైబ్రరీతోని సర్వర్‌తోని మాట్లాడి సరుకు తెచ్చిస్తది. ఈ చిన్న ప్రోగ్రాములన్నీ ఏడుంటయో గిట్ మైనస్ మైనస్ ఎగ్జెక్-పాత్ కొడితే చెప్తది. ఆ ఫోల్డర్ తెరిచిన, గిట్-రిమోట్‌తోని మొదలయ్యేటివి రెండో మూడో ఉన్నయ్, హెచ్‌టీటీపీ ఒక్కటి లేదు. అసలు కంపైలే కాలేదు.

ఎందుకు కాలే? సోర్స్ ఫోల్డర్‌ల కాన్ఫిగ్.మ్యాక్.ఆటోజెన్ అని ఒక ఫైల్ ఉంటది, కాన్ఫిగర్ తను చూసిందంత అండ్ల రాస్తది. తెరిస్తే నడుమ ఒక లైన్: నో_కర్ల్=యెస్‌ప్లీజ్. దాని కింద ఎక్స్‌పాట్ అనే ఇంకో లైబ్రరీకి కూడ అట్లనే. అంటే మెషిన్‌ల కర్ల్ హెడర్లు లేవని కాన్ఫిగర్ చూసింది, లేవు కదా అని కర్ల్ లేకుండనే కట్టమని మేక్‌కు చెప్పింది, నన్ను అడగలే, ఆగలే, ఎర్రకలర్ల ఒక ముక్క కూడ చూపించలే. రెండు స్క్రీన్ల చెకింగ్ లైన్లల్ల ఒక లైన్ చివర నో అని ఉండె, నేను చూసుకోలే. మా ఇంటి పక్క మేస్త్రి ఒకసారి ఇట్లనే చేసిండు, కిటికీ సామాను రాలేదని ఆ గోడను నిండుగ కట్టేసి పోయిండు, ఇల్లు అయిపోయింది సార్ అన్నడు. ఆయన యెస్‌ప్లీజ్ అనలే, అంతే తేడా.

మరి రాత్రంత నడిచిన టెస్టులు? ఫెయిల్డ్ 0 ఎట్ల వచ్చింది? కర్ల్ లేకుండ కట్టిన గిట్ మీద హెచ్‌టీటీపీ టెస్టులు స్కిప్ అయితయ్. గిట్ బిల్ట్ వితౌట్ హెచ్‌టీటీపీ సపోర్ట్ అని కారణం చెప్పి పక్కకు జరుగుతయ్, స్కిప్ ఫెయిల్ కాదు కదా, లెక్కల సున్ననే. పరీక్షకు రానోడు ఫెయిలైనట్టు కాదన్నమాట.

నేను కాన్ఫిగర్ నడపకుండ నేరుగ మేక్ కొట్టి ఉంటే ఏమయ్యేది? మేక్‌ఫైల్ కర్ల్ ఉన్నదనే అనుకుంటది, హెచ్‌టీటీపీ ఫైల్ కాడికి రాంగనే కర్ల్/కర్ల్.హెచ్, నో సచ్ ఫైల్ అని అక్కడ్నే ఆగేది, జెడ్‌లిబ్‌కు ఆగినట్టు. ఒక నిమిషంల తెలిసేది. కాన్ఫిగర్ సాయం చేస్తాననే చేసింది, ఆ సాయమే నా రెండు గంటలు తిన్నది. అప్పటినుంచి గిట్‌కు నేను కాన్ఫిగర్ ముట్టుకుంటలేను. కర్ల్ నాకు అక్కర్లేదని నేను చెప్తే అది వేరే సంగతి, అది తనంతట తను అనుకుంటే వేరే సంగతి.

లిబ్‌కర్ల్4-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ వేసిన, లిబ్‌ఎక్స్‌పాట్1-డెవ్ వేసిన. పాత ఆనవాళ్లు ఏమీ ఉండొద్దని మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టిన, అప్పటికి ఇంకా బుద్ధి రాలే, కాన్ఫిగరే మళ్ల నడుపుదామని చూస్తే కాన్ఫిగర్ ఫైలే లేదు. డిస్ట్‌క్లీన్ దాన్ని కూడ తీసేస్తది. టార్‌ల తయారుగ వచ్చిన ఫైల్ అది, మళ్ల పుట్టించాలంటే ఆటోకాన్ఫ్ కావాలె, అది మెషిన్‌ల లేదు. ఇగ అక్కడ్నే ఆగి, కాన్ఫిగ్.మ్యాక్ అని నా చేతులతోని ఒక ఫైల్ రాసిన, నాలుగు లైన్లు: ప్రిఫిక్స్ ఏంది, టీసీఎల్ టీకే (గిట్ విండోలకు కావలసింది) వద్దు, బిన్‌కు లిబ్‌ఎగ్జెక్‌కు నడుమ సిమ్‌లింకులు పెట్టు, చిన్న కమాండ్లకు విడిగ ఫైళ్లు పెట్టకు. ఈ ఆఖరు రెండు లైన్లు మాత్రం మూడో రోజు కలిపిన, ఎందుకో కింద చెప్త. మేక్, ఇన్‌స్టాల్, క్లోన్. వచ్చింది.

మాన్యువల్ పేజీల సంగతి తొందరగ చెప్త. మేక్ ఇన్‌స్టాల్ మాన్ పేజీలు పెట్టదు. అవి కట్టాలంటే ఆస్కీడాక్, ఎక్స్‌ఎంఎల్‌టూ కావాలె, ఆస్కీడాక్ అడిగితే ఏపీటీ (ఉబుంటుల ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రామ్) దాని వెంట లాటెక్ సామాను ఊరేగింపు తీసుకొస్త అన్నది. వద్దనుకున్న. కెర్నల్ డాట్ ఆర్గ్‌ల అదే ఫోల్డర్‌ల మాన్‌పేజెస్ అని వేరే టార్ ఉంటది, ప్రిఫిక్స్ కింద షేర్/మాన్‌ల విప్పితే అయిపోయింది.

మూడో రోజు, 11 మెషిన్లు

ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌ల ఏసుకోని తిరుగుడే కదా అనుకున్నం. ఆ ల్యాబ్‌ల నెట్‌వర్క్ షేరింగ్ మీద నాకు నమ్మకం లేదు, వైర్లు కలిసే నెట్‌వర్క్ స్విచ్ ఒకటి సగం పోర్టులు చచ్చి ఉన్నది. డీయూతోని సైజు చూస్తే వంద ఎంబీ కూడ లేదు. పెన్‌డ్రైవ్‌ల 1 జీబీ ఖాళీ. పిల్లగాడు కాపీ పెట్టిండు, కొంతసేపటికి "అన్నా, నో స్పేస్ లెఫ్ట్ అంటాంది" అన్నడు. నేను నమ్మలే, వేరే ఫోల్డర్ కాపీ చేసినవా ఏంది అన్న. చేసింది మంచిగనే చేసిండు.

లిబ్‌ఎగ్జెక్ లోపల గిట్-కోర్ ఫోల్డర్‌ల గిట్-యాడ్, గిట్-కమిట్, గిట్-లాగ్ అనుకుంట వంద పైన పేర్లు ఉంటయ్. అవన్నీ వేరే వేరే ప్రోగ్రాములు కావు, ఒక్క గిట్ బైనరీకే అన్ని పేర్లు, హార్డ్ లింకులు. డిస్క్ మీద సరుకు ఒక్కటే ఉంటది, డీయూ దాన్ని ఒక్కసారే లెక్కవెడ్తది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32, దానికి హార్డ్ లింక్ అంటే ఏందో తెల్వదు, అందుకని ఒక్కో పేరుకు ఒక్కో పూర్తి కాపీ రాసుకుంట పోయింది. డీబగ్ సమాచారంతోని కట్టిన బైనరీ కాబట్టి ఒక్కోటి పది ఎంబీ పైనే, వందతోని గుణిస్తే పెన్‌డ్రైవ్ ఏడ సాల్తది. పెండ్లి కార్డుల బంధువులందరి పేర్లు ఒకటే ఇంటి కింద రాసి ఉంటయ్, ఒక్కో పేరుకు ఒక్కో ఇల్లు కట్టినట్టైంది.

అందుకే ఆ రెండు లైన్లు: స్కిప్_డ్యాష్డ్_బిల్ట్_ఇన్స్ పెడితే ఆ వంద పేర్లు అసలు పెట్టదు, ఎవ్వలు కొడ్తున్నరు ఈ రోజుల్ల గిట్ గీత కమిట్ అని. ఇన్‌స్టాల్_సిమ్‌లింక్స్ పెడితే మిగిలినవి సిమ్‌లింకులు అయితయ్. మేక్ స్ట్రిప్ కొట్టి డీబగ్ సమాచారం కూడ తీసేసిన. పాత ఫోల్డర్ తీసేసి మళ్ల ఇన్‌స్టాల్ చేసి, నేరుగ కాపీ చెయ్యకుండ టార్ కట్టి, టార్‌ను పెన్‌డ్రైవ్‌ల ఏసినం. ఒక్కో మెషిన్‌ల సుడోతోని /ఆప్ట్ కింద విప్పుడు, సిమ్‌లింక్ పెట్టుడు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. అన్ని మెషిన్లల్ల ఒకటే ప్రిఫిక్స్ కాబట్టి లోపలి దారులు సరిపోయినయ్, ఒకదాంట్ల హోమ్‌ల విప్పి ఉంటే నడవకపోవు.

ఈసారి నాకు బుద్ధి వచ్చింది, ప్రతి మెషిన్ మీద వెర్షన్ చూడుడు కాదు, హెచ్‌టీటీపీఎస్ క్లోన్ చేసి చూడుడు అనుకున్నం. 9 మెషిన్లల్ల వచ్చింది. 2 మెషిన్లల్ల ఎర్రర్: గిట్-రిమోట్-హెచ్‌టీటీపీఎస్, ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్, లిబ్‌కర్ల్.ఎస్ఓ.4. ఫైల్ ఉన్నది కానీ దానికి నడవడానికి కావలసిన లైబ్రరీ ఆ రెండింట్ల లేదు. ఏ లైబ్రరీలు కావాలెనో చూపే ఎల్‌డీడీ కొడితే అదొక్క లైన్ల నాట్ ఫౌండ్. మిగతా 9లల్ల కర్ల్ కమాండ్ ఎప్పుడో ఎవ్వలో వేసుకున్నరు, దాంతోని లిబ్‌కర్ల్4 వచ్చి కూసున్నది, ఈ రెండింట్ల ఎవ్వలు వేసుకోలే. లిబ్‌కర్ల్4 వేసిన, అయిపోయింది.

ఇంటికి పోయినంక తట్టింది, నేను డెవ్ ప్యాకేజీనే తప్పు ఎంచుకున్న. కర్ల్ డెవ్ ప్యాకేజీలు ఉబుంటుల ఒకటి కాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ది ఉన్నది, గ్నూటీఎల్‌ఎస్‌ది ఉన్నది, రెండూ హెచ్‌టీటీపీఎస్ తాళం పని చూసే లైబ్రరీలే. ఏపీటీ ఇచ్చే పాత గిట్ గ్నూటీఎల్‌ఎస్ కర్ల్ మీద ఆధారపడ్తది, అంటే పాత గిట్ ఉన్న ప్రతి మెషిన్‌ల ఆ లైబ్రరీ ముందునుంచే ఉంటది. లిబ్‌కర్ల్4-గ్నూటీఎల్‌ఎస్-డెవ్‌తోని కట్టి ఉంటే 12కు 12 ఏం అడగకుండ నడిచేటివి.

తర్వాత వారం ఇంకో ఫోన్, సార్ పేరు మీద ఉన్న షేర్డ్ ఫోల్డర్‌ల పిల్లలు గిట్ స్టేటస్ కొడితే డ్యూబియస్ ఓనర్‌షిప్ అంటాందని. అది కరాబైంది కాదు, 2022 ఏప్రిల్‌ల 2.35.2 నుంచి గిట్ వేరేవాళ్ల పేరు మీద ఉన్న రెపోను (గిట్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను) నమ్ముతలేదు, ఒక సెక్యూరిటీ లోపం మూసేటందుకు పెట్టిన్రు. ఆ మెషిన్లు ఏండ్ల సంది అప్‌డేట్ చూడలే కాబట్టి వీళ్లకు కొత్తగ కనవడ్డది. నమ్మే ఫోల్డర్లు రాసే సేఫ్.డైరెక్టరీ సెట్టింగ్‌ల ఆ ఒక్క ఫోల్డర్ దారి రాయించిన, స్టార్ (అంటే అన్నిటినీ నమ్ము అని) పెట్టుమని ఎవ్వలన్న చెప్తే పెట్టకుమని కూడ చెప్పిన.

సార్‌కు ఒక సంగతి మొకం మీదనే చెప్పిన, ఇగనుంచి ఈ గిట్‌కు ఏపీటీ అప్‌డేట్ ఇయ్యదు, కొత్త లోపం బయటవడితే మనమే మళ్ల కంపైల్ చెయ్యాలె, ఎవ్వలో ఒకలు చూసుకోవాలె అని. ఆయన పిల్లగాని దిక్కు చూసిండు. నేను కాన్ఫిగ్.మ్యాక్ నాలుగు లైన్లు, ప్యాకేజీల పేర్లు, క్లోన్ చేసి చూడాల్సిన లింక్ ఒక కాయితం మీద రాసి ల్యాబ్ అలమార లోపలి దిక్కు అంటించి వచ్చిన.

జులై ఆఖర్ల 2.46 వచ్చింది. ఆగస్టుల ఒక పొద్దుగాల పిల్లగాని ఫోన్, తలుపు కాడి మెషిన్ ఎస్ఎంపీఎస్ పోయిందంట, కిటికీ కాడి దాంట్ల కంపైల్ పెట్టిండంట.

"అన్నా, నేరుగ మేక్ కొట్టిన, కర్ల్/కర్ల్.హెచ్ లేదని ఆగిపోయింది."

"ఆగిందా? మంచిగైంది తమ్మీ" అన్న. "అలమార తెరువు, కాయితం మీద రెండో లైన్, గ్నూటీఎల్‌ఎస్‌ది వెయ్యి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ది కొట్టేసి ఉంటది."